ఐదో సంతకం

“కరుణా! మీ నాయన్ని అడుగు. చారు పోసుకుంటాడా, లేకుంటే నా తమ్ముడి నెత్తురే పోసుకుంటాడా?”

గరిటె పట్టుకున్న కరుణాకుమారి అమ్మకీ నాయనకీ మధ్య నిలబడిపోయింది. ఇద్దరూ ఒకే వంటింట్లో ఉన్నారు. ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉంది. అయినా కావలి బస్సులో వారపత్రిక దిగిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలు కూతురి నోట్లో బండి మారితే తప్ప గమ్యం చేరడం లేదు.

“చారే పొయ్యమను,” అన్నాడు సంజీవరావు, కంచం వైపు చూస్తూ.

“చారే అంటుండాడమ్మా.”

“వినపడిందిలే. నాకు చెవుడు రాలా. రావాల్సినోళ్ళకి సిగ్గు రాలా.”

చారులో ఉప్పు లేదు. అల్లూరు నుంచి సముద్రం దాకా ఎటు చూసినా ఉప్పు కొటార్లే. ఉప్పు పండే చోట ఉప్పు లేని చారు జుర్రుకుంటూ కూడా సంజీవరావు కిమ్మనలేదు. ఎంతైనా పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. ఎక్కడ వాంగ్మూలం ఇవ్వకూడదో ఆయనకు తెలుసు. ఆ ఇంట్లో మమకారం అడుగంటింది, కారం ఒక్కటే దండిగా మిగిలింది.

ఆయన లాఠీ వదిలి పాళీ పట్టి చాలా ఏళ్ళయింది. సబ్ ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో ఆయన పంపే రిపోర్టులు చూసి పై అధికారి తల పట్టుకునేవాడు. “దొంగ ఎట్లా దొరికాడయ్యా అంటే వెన్నెల ఎట్లా కాసిందో రాస్తావేం? ఇది రిపోర్టా, నవలా?” అని కేకలేసేవాడు. ఆ తిట్టును సంజీవరావు సర్టిఫికెట్టుగా తీసుకున్నాడు. రాజీనామా ఇచ్చి కాగితంతో రాజీపడ్డాడు. అంతవరకూ నేరాలు పట్టినవాడు ఆపైన నేరాలు కట్టసాగాడు. సస్పెన్షను భయం పోయి సస్పెన్సు భయం పట్టుకుంది. ఆయన సృష్టించిన ఇన్‌స్పెక్టరు పరాంకుశం కోసం మంగలి దుకాణాల్లో సగం గడ్డంతో ఆగిపోయినవాళ్ళున్నారు, దిగాల్సిన స్టేషను దాటిపోయినవాళ్ళున్నారు. ఆ పరాంకుశం ఇప్పుడు తనను కన్న ఇంటి మీదికే దర్యాప్తుకు వచ్చి కూర్చున్నాడు.

ఈ వారం ‘సరుగుడు తోపు శవం’లో పరాంకుశం మీసం దువ్వి ఒక్క ముక్క అన్నాడు: “శవం ముందు కూర్చుని, ఇది ప్రమాదమేనని సంతకాలు పెట్టిన ఐదుగురు పెద్దమనుషుల్లో ఒకడే హంతకుడు!”

అంతటితో ఆగినా బాగుండేది. ఐదో పెద్దమనిషి లేచి వెళుతూ గొడుగును చొక్కా కాలరుకు వెనకనుంచి తగిలించుకున్నాడని రాశాడు సంజీవరావు. మద్రాసులో చదివినవాళ్ళకు అది గొడుగు. అల్లూరులో చదివినవాళ్ళకు అది తిమోతి.

ఆనందకుమారి తమ్ముడు తిమోతి. కాలవ ఒడ్డున సరుగుడు కట్టెల అడితి నడుపుతాడు. చర్చిలో సంఘపెద్ద. ఎండయినా వానయినా గొడుగు అతని కాలరుకు వేలాడుతూ వీపు మీదే ఉంటుంది. అదొక్కటే అయితే నవ్వి ఊరుకునేవారు. కానీ పదేళ్ళ కిందట ఎండుచేపల వ్యాపారి ఖాదర్ మొహిద్దీన్ ఆ కాలవలోనే శవమై తేలాడు. అనుమానపు చావు జరిగితే చుట్టుపక్కల పరువున్నవాళ్ళను ఐదుగురిని పిలిచి, శవం ముందు కూర్చోబెట్టి, చావు ఎట్లా వచ్చిందో వాళ్ళ చేత చెప్పించి సంతకాలు తీసుకోవడం పోలీసుల పద్ధతి. శవపంచాయతీ అంటారు. ఆ రోజు కూర్చున్న ఐదుగురిలో తిమోతి ఒకడు. కూర్చోబెట్టిన సబ్ ఇన్‌స్పెక్టరు, బావ సంజీవరావే. అడితి చూస్తే కాలవ పక్కనే, మనిషి చూస్తే నమ్మకస్తుడు. ఇంకేం కావాలి?

“నిన్న అడితి కాడ పిల్లకాయలు ఏమంటుండారో మీ నాయనకు చెప్పు కరుణా. ‘ఐదో సంతకం పోతుండాది రోయ్’ అని ఈలలేస్తుండారంట. చర్చిలో రొట్టె పళ్ళెం పట్టుకునే చెయ్యి అది!”

“ఆనందా, అది కత,” అన్నాడు సంజీవరావు, ఈసారి కూతుర్ని దాటేసి నేరుగా.

“కతా?” ఆనందకుమారి కూడా దాటేసింది. “గొడుగు కతా? కాలవ కతా? పంచాయతీ కతా? మీరు మార్చింది ఒక్క మనుషుల పేర్లే. అవి మార్చకపోయినా ఇంత పరువు పొయ్యుండేది కాదు, కేసన్నా పెట్టుండొచ్చు!”

“అమ్మా, మెల్లిగా. పక్కింటోళ్ళు వింటారు.”

“విననీ. వాళ్ళు గూడా చదివినారుగా!”

సంజీవరావు చెయ్యి కడుక్కున్నాడు. “నవల లెక్క నీకు తెలీదు. ఎవురి మీద అనుమానం రాదో వాడే ఆఖర్న హంతకుడు కావాల. చదివేవోళ్ళు దానికోసమే కాసుకోనుంటారు. అనుమానం రాని మంచోడు యాడుండాడా అని ఆలోచన చేసినా. నాకు తెలిసినోళ్ళలో తిమోతిని మించిన మంచోడు ఎవురు? వాడి మంచితనం చూసే గదా ఆ గొడుగు తగిలించినా!”

“మంచితనానికి మీరిచ్చే బహుమానం ఉరికొయ్యా?”

సంజీవరావు తడి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ఈ ప్రశ్నకు పరాంకుశం దగ్గర కూడా జవాబు ఉండేది కాదు.

“మా అమ్మ పోయినప్పుడు వాడికి నడక గూడా సరిగ్గా రాదు,” అంది ఆనందకుమారి. గొంతు తగ్గింది. “చంకనేసుకుని పెంచినా. మన పెళ్ళయి బండెక్కేటప్పుడు నా కొంగు వదల్లేదని మీరే వాణ్ణి ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఇంత మంచాయన దొరికినాడని ఆ పొద్దు దేవుడికి స్తోత్రం చేసినా.”

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?”

“ఆఖరి భాగం సోమవారం టపాలో గదా పోయేది. మార్చండి. ఐదో మనిషి గాడు, ఇంకెవుడో అని రాయండి.”

“ఇన్ని వారాలు గూడు కట్టుకొచ్చి ఆఖర్న ఎవుణ్ణో దారినపొయ్యేవోణ్ణి తెచ్చి నిలబెడితే చదివేవోళ్ళు నా మొహాన ఉమ్మేస్తారు.”

“ఉమ్మితే తుడుచుకుంటారు. నా తమ్ముడికి పడ్డ మచ్చ దేంతో తుడిచేది?”

కరుణాకుమారి మెల్లగా గరిటె కింద పెట్టింది. ఇంక తన అవసరం లేదని అర్థమైంది. రాయబారి ఖాళీ అయిందంటే సంధి జరిగిందని కాదు, యుద్ధం ముఖాముఖి అయిందని.

“సరే. వినండి,” అంది ఆనందకుమారి. “ఆదివారం ప్రభువు బల్ల. నేను ఎనకబెంచీలో కూర్చుంటా.”

సంజీవరావు తలెత్తి చూశాడు.

ఆ సంఘంలో అది చిన్న మాట కాదు. ప్రభువు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే ఆ బల్ల సంస్కారం నాడు, మనసులో ఎవరి మీదనైనా పగ ఉన్నవాళ్ళు ఆ రొట్టె ముట్టుకోరు. ముందే వెళ్ళి సమాధానపడతారు, లేకపోతే వెనక బెంచీలో తలవంచుకుని కూర్చుంటారు. ఎందుకు కూర్చున్నారని ఎవరూ అడగరు. అడగనక్కర్లేకుండానే ఊరంతా జవాబులు చెప్పుకుంటుంది. సంస్కారం తీసుకోలేదంటే వాళ్ళ సంస్కారం మీదే చర్చ మొదలవుతుంది. ఆనందకుమారి ఇంతవరకూ బల్ల తప్పిన మనిషి కాదు. కరుణ కడుపులో ఉండగా, వేవిళ్ళతో కళ్ళు తిరుగుతున్నా, గోడ పట్టుకుని వెళ్ళి రొట్టె తీసుకుంది.

“మొగుడి మీద పగతోనా?” అన్నాడు ఆయన.

“అవును. అబద్ధం ఆడి ఆ రొట్టె తినలేను,” అంది ఆమె.

*

మర్నాడు పొద్దున బీజాన్ వచ్చింది.

ఖాదర్ మొహిద్దీన్ పెళ్ళాం. మొగుడు పోయాక అదే ఎండుచేపల బేరం తానే చూసుకుంటోంది. మైపాడు నుంచి సరుకు వచ్చిన రోజున తప్ప ఈ వీధిలో కనపడదు. ఇవాళ తట్ట లేదు. చీర కొంగు తల మీదికి లాక్కుని అరుగు మీద ఒక మూలగా కూర్చుంది.

“సార్, మా వీధిలో హజరాబీ కూతురు చదివింది. నేను విన్నా.”

“అది కత బీజాన్,” అన్నాడు సంజీవరావు. ఈ వారంలో ఆ మాట అరిగిపోయి ఆయనకే జారిపోతోంది.

“కతేలే సార్. కాదంటినా? కతలో తోపుండాది, కాలవుండాది. ఎండుచేపల బేరగాడు ఉండాడు. ఆయనకి గూడా మా ఆయన మాదిరే ఎడం చెవికి గంటుండాది. అన్నీ ఉండాయి. జారిన కాలు ఒక్కటే లేదు.”

బీజాన్ అరుగు మీది ఇసుకను కొంగుతో ఒక పక్కకు తుడిచింది.

“మా ఆయన కాలవ నీళ్ళలో పెరిగినోడు సార్. ఈదితే చేప గూడా సిగ్గుపడాల. కాలు జారిందంటే నేను నమ్మినా. జారి పడి చచ్చిపొయ్యినాడంటే మాత్రం నమ్మలా. ఎవురికి చెప్పుకునేది? పెద్దమనుషులు సంతకాలు పెట్టినారు, మీరు కాగితం మూసినారు. ఇన్నేళ్ళకి మళ్ళా మీరే తెరిచినారు గదా అని వచ్చినా.”

“నేనేం తెరవలేదమ్మా. పత్రికోళ్ళకు కావాలంటే ఏదో అల్లినా...”

“నాకు కేసొద్దు, కోర్టొద్దు. ఒక్క మాట చెప్పండి చాలు.” బీజాన్ కొంగు సర్దుకుంది. “ఆ పొద్దు ఆడోళ్ళను దగ్గిరికి రానీలా. నేను తోపు కాడ నిలబడి చూస్తుండా. మీ నోళ్ళు కదిలేది కనపడతా ఉండాది, మాట వినపడలా. ‘కాలు జారింది’ అని ముందు ఎవురన్నారు సార్?”

వీధిలో ఎద్దులబండి వెళ్ళింది. ఇరుసు కీచుమంటూ మలుపు తిరిగేదాకా సంజీవరావు ఆ బండినే చూశాడు.

“గుర్తులేదు.”

“అట్నా?”

“అందరూ అనుకున్నారు. ఎవురు ముందన్నారో గుర్తులేదు.”

బీజాన్ ఆయన మొహం చూసి, తర్వాత తన చేతులు చూసుకుంది. “సరే సార్. కతలోనన్నా చెపుతారు గదా, అది అచ్చుపడే దాకా ఆగలేను. రాసినాక నాకు చదివి వినిపించండి. నాకు చదువు రాదు గాని వింటే తెలుస్తాది.”

“ఆదివారం మద్దేనం రా,” అన్నాడు.

ఆమె వెళ్ళిపోయింది. సంజీవరావు లోపలికి తిరిగేసరికి తలుపు వెనక ఆనందకుమారి ఉంది. చేతిలో చేటలో బియ్యం ఉన్నాయి, వేళ్ళు మాత్రం కదలడం లేదు.

“గుర్తులేదన్నారే.”

“పదేళ్ళ నాటి మాట.”

“పెళ్ళిచూపుల్లో నేను కట్టుకున్న చీర అంచు మీద నెమళ్ళు ఎటు తిరిగుండాయో మీకు ఇప్పటికీ గుర్తే. మీరు పట్టిన దొంగల తాతల పేర్లు గూడా చెపుతారు. ఇది గుర్తులేదా?”

ఆయన గుమ్మంలోనే ఆగి ఆ చేట వైపు చూశాడు.

ఎవరన్నారు అని ఆమె అడుగుతుందని ఎదురుచూశాడు. ఆమె అడగలేదు. వారమంతా ప్రశ్న మీద ప్రశ్న విసిరిన మనిషి, అడగాల్సిన ఆ ఒక్కటి అడగలేదు. చేటలోకి చూసి ఒక రాయి తీసి పారేసింది. అది రాయి కాదు, బియ్యపు గింజ.

సంజీవరావుకు అన్నీ గుర్తే. మంచు ఇంకా విడవని పొద్దు. తాటాకు చాప కింద ఖాదర్ మొహిద్దీన్. ఐదుగురు పెద్దలు నేల మీద గొంతుక్కూర్చుని ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. “ఏమంటారయ్యా?” అని తాను అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు ఒక గొంతు, బాగా తెలిసిన గొంతు, “కాలు జారి పడుంటాడు బావా,” అంది. మిగిలిన నాలుగు తలలూ హమ్మయ్య అన్నట్టు ఊగాయి. తాను రాసేశాడు. బావమరిది మాట సాయం చేశాడనే అనుకున్నాడు. బయటివాడెవడైనా ఆ మాట అని ఉంటే, “నువ్వు చూసినావా?” అని అడిగి ఉండేవాడు. ఇంటి మనిషి గనక అడగలేదు.

నవల రాస్తున్నప్పుడు కూడా అది గుర్తుకు రాలేదు. మంచివాడు కావాలి కాబట్టి తిమోతిని పెట్టుకున్నానని నిజంగానే అనుకున్నాడు. చెయ్యి మాత్రం మనిషికంటే ముందు నడిచిందేమో!

“మార్చండి,” అంది ఆనందకుమారి.

నిన్నటి మాటే అది. నిన్న అందులో కోపం ఉంది. ఇవాళ ఇంకేదో ఉంది. దాని పేరు సంజీవరావు ఆలోచించదలచుకోలేదు.

“మార్చి నన్ను బల్ల కాడికి పోనీండి.”

ఆయన కుర్చీలో కూర్చుని కాగితాలు ముందేసుకున్నాడు. పొద్దు వాలేలోపల ఐదుగురు పెద్దమనుషులూ నిర్దోషులయ్యారు. హత్య జరిగిన పూట కాలవ వెంబడి కట్టెల పడవ ఒకటి పోతోందనీ, దాన్ని నడిపే ఊరూ పేరూ తెలియని సరంగు ఒకడు తోపు దగ్గర దిగాడనీ, ఆ తర్వాత మద్రాసు వైపు సాగిపోయాడనీ రాశాడు. పరాంకుశం చేతులు కట్టుకుని ఒడ్డున నిలబడి పడవ పోయిన దిక్కు చూశాడు. అంత తెలివిగల ఇన్‌స్పెక్టరు అంత వెధవమొహం ఎప్పుడూ వేయలేదు. కథకు ముగింపు పెట్టాలని కూర్చున్నవాడు నిజానికి మింగింపు పెట్టి లేచాడు.

ఆ మాపటేళ చారులో ఉప్పు పడింది. కాస్త ఎక్కువే పడింది. ఎవరూ ఏమీ అనలేదు.

*

ఆదివారం ఆనందకుమారి ముందు బెంచీలోనే కూర్చుంది. లోపలికి వెళ్ళే ముందు చర్చి మెట్ల మీద తమ్ముణ్ణి పట్టుకుని చెప్పింది.

“ఆయన మార్చినార్రా. నువ్వు గాదు. ఎవురో పడవ సరంగంట.”

“పడవ సరంగా?” అన్నాడు తిమోతి.

“ఆఁ. ఇంక ఎవురన్నా ఈల వేస్తే చెప్పుతో కొట్టు.”

అతను నవ్వలేదు. గొడుగు ఇవాళ వీపు మీద లేదు. చేతిలో పట్టుకున్నాడు. అలవాటు లేని పని గనక మెట్టు మెట్టుకూ కాలికి తగులుతోంది.

తెల్లగుడ్డ పరిచిన బల్ల వెనక పాదిరి జ్ఞానప్రకాశం అయ్యగారు నిలబడి, ఎవరికి వారు లోపల చూసుకోండని చెప్పి మౌనంగా ఉన్నారు. ఆ మౌనంలో దగ్గులు, పసిపిల్లల గొణుగుడు, దూరంగా సముద్రం. తర్వాత సంఘపెద్దలు పళ్ళాలు అందుకున్నారు. తిమోతి ఎప్పటిలాగే ఆడవాళ్ళ వైపు వెళ్ళాడు. అక్క ముందు పళ్ళెం పెట్టినప్పుడు ఆమె ముక్క తీసుకుని పైకి చూసింది. అతను చూడలేదు.

అందరికీ పంచాక సంఘపెద్దలు వెళ్ళి తమ బెంచీలో కూర్చోవడం, అయ్యగారు వాళ్ళకు అందించడం రివాజు. పళ్ళెం చేతులు మారుతూ వచ్చింది. తిమోతి దగ్గరికి వచ్చింది. అతను రెండు చేతులా అందుకున్నాడు. అందుకుని, అలాగే పక్క మనిషికి ఇచ్చేశాడు.

వెనకున్నవాళ్ళకు కనపడి ఉండదు. అయ్యగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. సంజీవరావు చూశాడు. ఉద్యోగం వదిలినా కళ్ళు రిటైరు కాలేదు. చూసి, వెంటనే ఆడవాళ్ళ వైపు తిరిగాడు, భార్య చూడలేదు కదా అని.

ఆనందకుమారి రొట్టె ముక్క ఇంకా అరచేతిలోనే ఉంది.

*

మధ్యాహ్నం తిమోతి వచ్చాడు. గొడుగు గుమ్మం పక్కన ఆనించి, చెప్పులు విడిచి, పిలవకుండానే వచ్చి బావ రాసుకునే బల్ల ఎదురుగా కూర్చున్నాడు.

“రా రా, ఆకలేస్తుంటాది,” అంది ఆనందకుమారి. ఆమె గొంతు అవసరానికి మించి పైకి లేచింది. “చేపల పులుసు చేసినా. నీకు ఇష్టమని నీ కంచమే కడిగి పెట్టినా. కరుణా, పీట వెయ్యి మే!”

“ఉండక్కా. ముందు ఆ కత చదవమను, వింటా.”

“కత ఏందిరా కత? అది ఎప్పుడూ ఉండేదే. ముందు తిను.”

“చదువు కరుణా,” అన్నాడు తిమోతి.

కరుణ నాయన వైపు చూసింది. సంజీవరావు వద్దనలేదు. ఆ పిల్ల కాగితాలు తీసుకుని చదివింది. ఎప్పుడూ పరాంకుశం మాటలు మీసం తిప్పుతున్నట్టు చదివేది. ఇవాళ పాఠం అప్పజెప్పినట్టు చదివింది. కట్టెల పడవ వచ్చింది. సరంగు దిగాడు. పడవ మద్రాసు వైపు సాగిపోయింది.

చదవడం అయిపోయింది. తిమోతి నేల వైపు చూస్తూ ఉండిపోయాడు.

“బాగుండాదా మామా?” అంది కరుణ.

“ఈ పడవ యాడిది బావా?”

“కతకు కావాలని తెచ్చినా,” అన్నాడు సంజీవరావు.

“వొద్దు. కొట్టెయ్. ఎవురో పడవ నడుపుకునే బిడ్డ. వాడి నెత్తిన రుద్దేది దేనికి?” తిమోతి తలెత్తాడు. రాత్రి నిద్రపోని కళ్ళు అవి. “ఆ పొద్దు కాలవలో పడవ లేదు బావా.”

కరుణ ఆఖరి కాగితాన్ని మిగతావాటి కిందికి నెట్టింది.

“పడవుండుంటే సాయానికి కేకేసుండేవాణ్ణి.”

ఆనందకుమారి చేతిలోని కంచం జారలేదు. జారకుండా రెండు చేతులా గుండెకు అదుముకుంది. పులుసు వాసన ఇల్లంతా నిండి ఉంది. సంజీవరావు చెయ్యి అలవాటుగా జేబులోని కలం మీదికి వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. ఇలాంటి చోట తర్వాత అడగాల్సిన ప్రశ్న ఏమిటో ఆయనకు తెలుసు. ఎందరినో అడిగాడు. పరాంకుశం చేత ఇంకెందరినో అడిగించాడు. పదేళ్ళ కిందట కాలవ ఒడ్డున అడగవలసినది కూడా అదే.

“నువ్వు...” అని మొదలుపెట్టాడు.

“అడగబాకండి,” అంది ఆనందకుమారి. కోపంగా కాదు. జ్వరం పిల్లాడి పక్కన కూర్చున్నవాళ్ళు ‘మెల్లిగా’ అనే గొంతుతో. “వాడు పొద్దున్నుంచి ఏం తినలా. ముందు తిననీండి. ఆపైన మీ ఇష్టం.”

“తినలేనక్కా,” అన్నాడు తిమోతి. “రొట్టే తినలేకపొయినా. చూసినావు గదా?”

“చూడలా,” అంది ఆమె.

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది. గట్టిగా కాదు. మొహమాటంగా, వేలి కణుపుతో కొట్టినట్టు.

“సార్... ఇంట్లో ఉండారా? నేను, బీజాన్ని. రమ్మన్నారు గదా.”

కరుణ కాగితాలు బల్ల మీద బోర్లించింది. సంజీవరావు కుర్చీలోంచి సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియని మనిషిలా బల్ల పట్టుకున్నాడు. పూర్తిగా లేచినవాడు తిమోతి ఒక్కడే.

“నేను తీస్తాలే బావా.”

అతనికంటే ముందు ఆనందకుమారి గుమ్మం చేరింది. కంచం ఎక్కడ పెట్టిందో తెలియదు. తలుపుకు వీపు ఆనించి నిలబడింది. తమ్ముడు దగ్గరికి వచ్చాడు. చిన్నప్పుడు ఆమె కొంగు పట్టుకున్న చేత్తోనే ఆమె భుజం తాకాడు.

“జరుగక్కా. ఆమెను ఎండలో ఎంతసేపు నిలబెట్టేది?”

ఆనందకుమారి జరగలేదు. మెల్లగా తలుపు వైపు తిరిగింది. చెయ్యి గడియ మీద ఉంది. తీయడానికో, బిగించడానికో ఆ చేతికే తెలియనట్టు.

బయట బీజాన్ మళ్ళీ పిలిచింది.